బడిలోనే కాలేజీ క్రెడిట్లు: లాభమెంత, బరువెంత?

అమెరికాలో మనవాళ్ళు లేని వీధి ఇప్పుడు మన ఊళ్ళలో వెతికినా దొరకడం కష్టమే. ఎవరి అన్నగారో, ఎవరి ఆడపడుచో, ఎవరి మేనకోడలో అక్కడ ఉండనే ఉంటారు. ఆదివారం ఫోన్లలో వంటలూ వానలూ అయిపోయాక పిల్లల చదువుల కబుర్లు మొదలవుతాయి. "అమ్మాయికి ఈ ఏడు నాలుగు ఏపీలు", "మావాడు డ్యుయల్ క్రెడిట్ తీసుకున్నాడు" అని వాళ్ళంటుంటే, మనం "అలాగా, మంచిదే" అని ఊరుకుంటాం. మా అమ్మయితే ఒకసారి "ఏపీ పరీక్షలు అక్కడ కూడా పెడుతున్నారా? మరి తెలంగాణ వాళ్ళ పిల్లల సంగతేమిటి?" అని నిజంగానే అడిగింది.

అందరం నవ్వుకున్నాం గానీ, ఆ ఏపీ ఏమిటో నాకూ పూర్తిగా తెలియదు అప్పటికి. 2024 జనవరిలో మా అక్కకి గర్భసంచి ఆపరేషన్ అయితే సాయానికని టెక్సాస్ వెళ్ళి మూడు నెలలు ఉన్నాను. అక్క కూతురు అప్పుడు పదకొండో తరగతి. ఆ మూడు నెలల్లో ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా వినిపించిన మాట "క్రెడిట్". అక్కడ విన్నదీ, తర్వాత ఆసక్తి కొద్దీ చదివి తెలుసుకున్నదీ మీతో పంచుకుంటాను. పిల్లల్నో మనవల్నో అక్కడ చదివించుకుంటున్న వాళ్ళకి పనికొస్తుంది. లేనివాళ్ళకి, చదువు విషయంలో తల్లుల బెంగ ఎక్కడైనా ఒకటేనని తెలుస్తుంది.

అసలు క్రెడిట్ అంటే...

మనకి పదో తరగతితో బడి అయిపోతుంది, తర్వాత ఇంటర్ వేరే కాలేజీలో. అక్కడ అలా కాదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ళూ హైస్కూలే. ఆ తర్వాత నాలుగేళ్ళ డిగ్రీ. డిగ్రీ చేతికి రావాలంటే సాధారణంగా 120 క్రెడిట్లు పూర్తి చెయ్యాలి. ఒక్కో కోర్సుకి ఎక్కువగా 3 క్రెడిట్లు ఉంటాయి. సెమిస్టర్‌కి ఐదు కోర్సుల చొప్పున చదివితే 15, ఏడాదికి 30, నాలుగేళ్ళకి 120.

ఇంట్లో సరుకుల లెక్కలాంటిదే ఇది. ఈ 120లో కొన్నిటిని హైస్కూల్లో ఉండగానే సంపాదించుకుంటే, కాలేజీలో అన్ని కోర్సులకి ఫీజు కట్టక్కర్లేదు. 30 కూడబెట్టిన పిల్లకి ఒక ఏడాది చదువు, ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది హాస్టల్ ఖర్చు తగ్గే అవకాశం ఉంది. అక్కడి కాలేజీ ఫీజులు తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పనక్కర్లేదు.

దారులు నాలుగు

మొదటిది మా అమ్మని తికమకపెట్టిన ఏపీ. అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. 1950ల నడుమ మొదలైన ఈ పద్ధతిని కాలేజ్ బోర్డ్ అనే సంస్థ నడుపుతుంది. దాదాపు 40 సబ్జెక్టులు ఉంటాయి. కాలేజీ మొదటి సంవత్సరం స్థాయి పాఠాన్ని హైస్కూలు టీచరే ఏడాదంతా చెబుతారు. మే నెలలో దేశమంతటికీ ఒకే పరీక్ష. 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. 3 వస్తే గట్టెక్కినట్టు, 5 వస్తే పండగ. ఒక్కో పరీక్షకి ఫీజు 2025లో 99 డాలర్లు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి రాయితీ ఉంది. చాలా స్కూళ్ళలో పరీక్షకి పేరిచ్చే గడువు నవంబరులోనే ముగుస్తుంది. "మే నెలలో కదా, చూద్దాంలే" అనుకుంటే కుదరదు.

రెండోది డ్యుయల్ క్రెడిట్. కొన్నిచోట్ల డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. ఇందులో పిల్లలు నిజంగానే కాలేజీ కోర్సులో చేరతారు. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి అయినా చదవచ్చు, ఆ కోర్సుని తమ హైస్కూల్లోనే చెబితే అక్కడైనా చదవచ్చు. ఒకే కోర్సు అటు బడి లెక్కలోనూ, ఇటు కాలేజీ లెక్కలోనూ పడుతుంది. ఒకే పిండితో ఇడ్లీ, అట్టు రెండూ వేసుకున్నట్టు. ఇందులో చివర ఒకే ఒక పెద్ద పరీక్ష ఉండదు. సెమిస్టర్ అంతా చేసిన పనిమీద గ్రేడు వస్తుంది.

దీనికి ముందుగా దారి వేసింది మిన్నెసోటా రాష్ట్రం, 1985లో. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో 1990లో చేసిన చట్టంతో 'రన్నింగ్ స్టార్ట్' వచ్చింది. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు ట్యూషన్ ఫీజు లేకుండా కమ్యూనిటీ కాలేజీలో చదువుకోవచ్చు. పుస్తకాలు, చిల్లర ఖర్చులు మాత్రం వాళ్ళవే. ఫ్లోరిడాలో ప్రభుత్వ స్కూళ్ళ పిల్లలకి ఈ కోర్సుల ట్యూషన్ ఉండదు. టెక్సాస్‌లో 2023లో వచ్చిన చట్టంతో, ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకి ఈ పథకంలో చేరిన కాలేజీల్లో ఉచితం చేశారు. 2022–23లో దేశం మొత్తంమీద దాదాపు 25 లక్షలమంది హైస్కూలు పిల్లలు ఇలా కాలేజీ కోర్సులు చదివారు.

మూడోది ఐబీ. జెనీవాలో 1968లో పుట్టిన ఇంటర్నేషనల్ బాకలారియట్. మన హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్ళలో కొన్నిటిలోనూ ఉంది. ఇందులో స్కోరు 1 నుంచి 7 దాకా. హయ్యర్ లెవెల్ సబ్జెక్టుల్లో మంచి స్కోరు తెచ్చుకుంటేనే చాలా అమెరికన్ కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. స్టాండర్డ్ లెవెల్‌కి చాలాచోట్ల ఏమీ రాదు.

నాలుగోది క్లెప్. 1967లో మొదలైంది. దీన్నీ కాలేజ్ బోర్డే నడుపుతుంది. 34 పరీక్షలున్నాయి. క్లాసులో కూర్చోనక్కర్లేదు. సొంతంగా చదువుకుని వెళ్ళి రాసి రావడమే. స్కోరు 20 నుంచి 80 దాకా, సాధారణంగా 50 వస్తే చాలు. దీనికి వయసు పరిమితి లేదు. పెళ్ళితోనో పిల్లలతోనో డిగ్రీ మధ్యలో ఆపేసి అక్కడ ఇంటిపట్టున ఉన్న మన అమ్మాయిలు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోవాలి. పిల్లలు బడికి వెళ్ళిన వేళ చదువుకుని, తర్వాత కాలేజీలో చేరినప్పుడు లెక్కలో వేయించుకోవచ్చు.

ఈ నాలుగూ కాక, ఎర్లీ కాలేజ్ హైస్కూళ్ళని కొన్ని ఉన్నాయి. న్యూయార్క్‌లో 2001లో మొదలైన బార్డ్ హైస్కూల్ ఎర్లీ కాలేజ్ అలాంటిదే. హైస్కూలు పూర్తయ్యేసరికి రెండేళ్ళ కాలేజీ డిగ్రీ కూడా చేతికొస్తుంది.

పేదపిల్లలు రాస్తే నమ్మలేదు

ఇవన్నీ ఉన్నవాళ్ళ చదువులే అనుకోకండి. లాస్ ఏంజెలెస్ తూర్పు వైపున గార్‌ఫీల్డ్ హైస్కూలు ఉంది. కూలీనాలీ చేసుకునే మెక్సికన్ కుటుంబాల పిల్లలు చదివే బడి. బొలీవియా నుంచి వలస వచ్చిన హైమే ఎస్కలాంటే అనే లెక్కల మాస్టారు అక్కడి పిల్లలకి పట్టుబట్టి ఏపీ కాలిక్యులస్ చెప్పారు. 1982లో 18 మంది పాసయ్యారు. ఒకేలాంటి తప్పులు కనబడ్డాయని పరీక్ష పెట్టినవాళ్ళు వారిలో 14 మందిని అనుమానించారు. 12 మంది మళ్ళీ పరీక్షకి కూర్చుని, 12 మందీ మళ్ళీ పాసయ్యారు. 1988లో ఆ కథతో 'స్టాండ్ అండ్ డెలివర్' అనే సినిమా వచ్చింది. ఫీజు కట్టలేని ఇంటి పిల్లకి ఈ క్రెడిట్లు ఎంత గౌరవాన్ని, ఎంత ధైర్యాన్ని ఇవ్వగలవో ఆ కథ చెబుతుంది.

మా అక్క ఇంట్లో లెక్క

మా అక్కావాళ్ళది పేదరికం కాదు. బావగారికి మంచి ఉద్యోగం. కానీ ఆ ఉద్యోగం హెచ్1బీ వీసా మీద. గ్రీన్‌కార్డు కోసం వరసలో ఉన్నారు. ఆ వరస ఎప్పుడు కదులుతుందో వాళ్ళకీ తెలియదు. నాలుగేళ్ళ వయసులో వెళ్ళిన పిల్ల తల్లిదండ్రుల వీసాకి అనుబంధంగా ఉండే హెచ్4 మీద పెరిగింది. హెచ్4 మీద ఉన్న పిల్లలు ఉద్యోగం చెయ్యకూడదు, పార్ట్‌టైమ్ కూడా. కాలేజీ చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం వీళ్ళకి రాదు. 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండే హక్కు పోతుంది. స్టూడెంట్ వీసాకి మారాలి. అప్పుడు ఫీజు లెక్కలు కూడా మారిపోవచ్చు.

ఈ పిల్లకి 2028లో 21 నిండుతాయి. నాలుగేళ్ళూ చదివితే డిగ్రీ 2029లో. మధ్యలో ఉన్న ఆ ఏడాదే మా అక్కకి నిద్ర పట్టనివ్వని ఏడాది. "ఒక్క సెమిస్టర్ తగ్గినా తగ్గినట్టేనే" అనేది, మంచం మీద పడుకునే కాగితాలు ముందేసుకుని.

నేను వెళ్ళిన కొన్ని వారాలకి పన్నెండో తరగతిలో ఏమేం చదవాలో రాసి ఇచ్చే ఫారం వచ్చింది. అక్క ఐదు ఏపీలకి టిక్కు పెట్టింది. వారం వారం కలిసే తెలుగువాళ్ళ భోజనాల్లో మొదటి ప్రశ్న "మీ అమ్మాయివి ఎన్ని ఏపీలు?" అని. మన దగ్గర "మీవాడికి ర్యాంకు ఎంత?" అన్నట్టే. ఒకావిడ ఐదంటే ఇంకొకావిడ ఆరంటుంది.

టెక్సాస్‌లో ఈ పోటీకి ఇంకో కారణం ఉంది. 1997లో వచ్చిన చట్టం ప్రకారం, హైస్కూల్లో పైన నిలిచిన పది శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటు వస్తుంది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి ఆ గీత ఇంకా పైన, 2026లో చేరేవాళ్ళకి అయిదు శాతమే. ఏపీ క్లాసు మార్కులకి చాలా స్కూళ్ళు ఎక్కువ బరువు ఇస్తాయి. కాబట్టి ర్యాంకు కోసం ఏపీ, ఏపీ కోసం అర్ధరాత్రి చదువు.

పిల్ల రాత్రి ఒంటిగంట దాటేదాకా కూర్చునేది. ఒకరోజు అంట్లు సర్దుతుంటే పక్కకొచ్చి, "పిన్నీ, అయిదు నావల్ల కాదు. అమ్మకి చెప్తే ఆపరేషన్ అయిన మనిషి బాధపడుతుంది" అంది. నాకు కడుపు తరుక్కుపోయింది. తల్లి పడుతున్న బాధ పిల్ల భవిష్యత్తు కోసం. పిల్ల నోరు మూసుకున్నది తల్లి కోసం. ఇద్దరూ ప్రేమతోనే ఒకరినొకరు నలిపేసుకుంటున్నారు.

అక్కకి నేనే చెప్పాను. కాసేపు కోపం వచ్చింది. "నువ్వు మూడు నెలలుండి వెళ్ళిపోయేదానివి, నీకేం తెలుసు" అంది. ఆ మాట నిజమే కాబట్టి నేనేమీ అనలేదు. రెండు రోజులు పోయాక తనే ముగ్గురినీ కూర్చోబెట్టి స్కూలు కౌన్సెలర్‌తో వీడియోలో మాట్లాడింది. ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న. "అమ్మాయి ఏ యూనివర్సిటీలో, ఏం చదవాలనుకుంటోంది? వాళ్ళ జాబితా చూశారా?"

చివరి నుంచి మొదటికి

అక్కడే అసలు కిటుకు ఉంది. క్రెడిట్ సంపాదించడం ఒక ఎత్తు, అది చెల్లడం ఇంకో ఎత్తు. ఇచ్చేది ఒకరు, పుచ్చుకునేది ఇంకొకరు. పుచ్చుకునే కాలేజీ తన ఇష్టం. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా ఏపీలో 3 స్కోరుకి కూడా క్రెడిట్ ఇవ్వాలని అక్కడి చట్టం. పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలావరకు 4 లేదా 5 అడుగుతాయి. డార్ట్‌మత్ కాలేజీ 2014లో చేరిన బ్యాచి నుంచి ఏపీకి క్రెడిట్ ఇవ్వడమే మానేసింది. డ్యుయల్ క్రెడిట్ కూడా అంతే. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో సులువుగా చెల్లుతుంది. రాష్ట్రం దాటినా, ప్రైవేటు కాలేజీకి వెళ్ళినా చెల్లుతుందన్న హామీ లేదు. అక్కావాళ్ళ కాలనీలో ఒక అబ్బాయి రెండేళ్ళు కష్టపడి తెచ్చుకున్న కోర్సుల్లో సగానికి పైగా, వేరే రాష్ట్రంలో చేరిన ప్రైవేటు కాలేజీలో లెక్కకి రాలేదట.

చెల్లినా ఇంకో మెలిక ఉంది. కొన్ని క్రెడిట్లు 'ఎలక్టివ్' ఖాతాలో పడతాయి. అంటే ఉన్నాయి గానీ, ఆ పిల్ల డిగ్రీకి కావలసిన గళ్ళని నింపవు. బీరువా నిండా చీరలున్నా పెళ్ళికి కట్టుకునేది ఒకటీ లేనట్టు.

పిల్లని డాక్టర్ చెయ్యాలనుకునేవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. బయాలజీ, కెమిస్ట్రీ వంటివి ఏపీతో దాటేస్తే కొన్ని మెడికల్ స్కూళ్ళు ఒప్పుకోవు. కాలేజీలోనే చదివి ఉండాలంటాయి.

ఏపీకీ డ్యుయల్ క్రెడిట్‌కీ మధ్య తల్లులు తప్పక తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. ఏపీ పరీక్ష సరిగ్గా రాయకపోతే క్రెడిట్ రాదు, అంతకుమించి నష్టం పెద్దగా ఉండదు. డ్యుయల్ క్రెడిట్‌లో వచ్చిన గ్రేడు మాత్రం కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. పదహారేళ్ళప్పుడు తెచ్చుకున్న 'సి' ఇరవై రెండేళ్ళప్పుడు పై చదువుల దరఖాస్తులో కూడా కనబడుతుంది. పైగా 1974 నాటి చట్టం ప్రకారం కాలేజీ రికార్డు మీద హక్కు విద్యార్థిదే. స్కూల్లోలాగా లెక్చరర్ ఫోన్ చేసి "మీ అమ్మాయి వెనకబడింది" అని చెబుతారని ఎదురుచూడకూడదు. పిల్లే వచ్చి చెప్పాలి. చెప్పేంత చనువు ఇంట్లో ఉండాలి.

చివరికి తేలింది

ముగ్గురూ కూర్చుని ఆ పిల్ల చేరాలనుకున్న రాష్ట్ర యూనివర్సిటీ జాబితా చూశారు. టిక్కు పెట్టిన ఐదింటిలో డిగ్రీకి అక్కరకొచ్చేది కాలిక్యులస్ ఒక్కటే. మిగతావి గొప్పకి తప్ప గళ్ళకి పనికిరావు. పన్నెండో తరగతిలో ఆ ఒక్క ఏపీ, కమ్యూనిటీ కాలేజీ నుంచి ప్రభుత్వ శాస్త్రం రెండు సెమిస్టర్లు. అంతే. ర్యాంకు కాస్త జారింది, ఆ మాటా చెప్పాలి. కానీ కోరుకున్న యూనివర్సిటీలో సీటు వచ్చింది.

2025 ఆగస్టులో చేరింది. మూడు ఏపీలకి 10 క్రెడిట్లు, కాలిక్యులస్ 4, సైకాలజీ 3, హ్యూమన్ జాగ్రఫీ 3. అమెరికా చరిత్ర, ప్రభుత్వ శాస్త్రం డ్యుయల్ క్రెడిట్‌లో 12. మొత్తం 22. అందులో హ్యూమన్ జాగ్రఫీ ఎలక్టివ్‌లో పడింది. మిగిలిన 19 డిగ్రీ లెక్కలోకి వచ్చాయి. అంటే ఒక సెమిస్టర్ పైచిలుకు. గ్రీన్‌కార్డు వరస ఇంకా అక్కడే ఉంది. కానీ ఆ ఒక్క సెమిస్టర్ మా అక్క గుండెల మీద బరువుని కాస్త దించింది.

మన దగ్గరో?

మన దేశంలో 2020 జాతీయ విద్యా విధానం తర్వాత, 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. డిగ్రీ పిల్లల క్రెడిట్లు ఒక ఖాతాలో జమ అవుతాయి. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారినా పట్టుకెళ్ళే వీలుంటుంది. కానీ ఇంటర్ చదువుతూనే డిగ్రీ కోర్సు కొంత పూర్తిచేసే అలవాటు మనకింకా లేదు. రేపు వస్తే గనక, అక్కడి తల్లులు నేర్చుకున్న పాఠం మనకి ముందే తెలిసి ఉండటం మంచిది.

ఫోన్‌లో అడగవలసినవి

మీవాళ్ళ పిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో ఉంటే ఈ ప్రశ్నలు అడగమని చెప్పండి.

1. పిల్ల చేరాలనుకునే రెండు మూడు కాలేజీలు ఏ స్కోరుకి, ఏ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లు ఇస్తాయి? ఈ జాబితా ప్రతి కాలేజీ దగ్గరా ఉంటుంది.

2. ఆ క్రెడిట్ డిగ్రీకి కావలసిన గడిని నింపుతుందా, ఊరికే ఎలక్టివ్‌లో పడుతుందా?

3. డ్యుయల్ క్రెడిట్‌కి ట్యూషన్, పుస్తకాలు, ప్రయాణం ఎవరు భరిస్తారు? ప్రతి రాష్ట్రానికీ నియమం వేరు.

4. కోర్సు మధ్యలో మానేసే గడువు ఎప్పుడు? మానేస్తే రికార్డులో ఏమని పడుతుంది?

5. పిల్ల రాత్రి ఎన్నింటికి పడుకుంటోంది?

చివరి ప్రశ్న ఏ కాలేజీ జాబితాలోనూ ఉండదు. దాన్ని అడగవలసింది మనమే. ఎన్ని క్రెడిట్లు కావాలో లెక్క వేసేటప్పుడు, ఆ లెక్క పక్కన పిల్లని కూడా కూర్చోబెట్టుకోండి. చదవవలసింది తనే కదా.